ఫైర్ డోర్ల రిపేరు ఎవరికైనా ఇచ్చేముందు మా 22 తలుపుల సంగతి చదవండి

ఆఫీసు బిల్డింగుల మెయింటెనెన్స్ చూసేవాళ్లంతా దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఫైర్ డోర్ల పని సగం రేటుకే చేస్తామని ఎవరైనా కోటేషన్ పంపి ఉంటే, సంతకం పెట్టేముందే చదవండి.

మాది మాదాపూర్‌లో ఏడంతస్తుల బిల్డింగు. రెండు మెట్లదారులకూ కలిపి 22 ఫైర్ డోర్లు, అంటే మంటను, పొగను మెట్లమీదికి రానివ్వని తలుపులు. అన్నీ 120 నిమిషాల రేటింగువి, అంటే అంతసేపు మంటను ఆపాలి. పెట్టి తొమ్మిదేళ్లయింది. తెరిచిన తలుపును తనంతట తానే మూసే క్లోజర్ల నుంచి ఆయిల్ కారుతోంది, కొన్ని తలుపులు కిందికి జారి ఫ్రేముకు రాసుకుంటున్నాయి, రెండింటికి అద్దాలు పగిలాయి. తలుపులు తయారుచేసిన కంపెనీ రిపేరుకు ఏడున్నర లక్షలు అడిగింది. ఇంకో కాంట్రాక్టర్ మూడు లక్షల ఎనభై వేలకే చేస్తానన్నాడు. స్పేర్లన్నీ ఒరిజినల్, చివర్లో సర్టిఫికెట్ కూడా ఇస్తానన్నాడు. ఆయనకే ఇచ్చాం.

శని, ఆదివారాల్లో పని అయిపోయింది. సోమవారం పొద్దున చూస్తే తలుపులన్నీ కొత్త పెయింటుతో మెరిసిపోతున్నాయి. 90 శాతం బిల్లు ఆ వారమే కట్టేశాం.

రెండు నెలల తర్వాత ఫైర్ డ్రిల్ పెట్టాం. నాలుగో అంతస్తులో చివరి మనిషి మెట్లమీదికి వచ్చేశాక తలుపు తనంతట తాను మూసుకుని లాచ్ పడాలి. ఫ్రేముకు రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది. అంత బరువున్న తలుపుకు చిన్న సైజు క్లోజర్ బిగించారు. అప్పుడు అనుమానం వచ్చి, మా బిల్డింగు ఫిట్టర్ అన్నతో కలిసి ఒక్కో తలుపూ విప్పి చూడటం మొదలుపెట్టాను.

జారిన తలుపులకు మార్చాల్సింది బందులు. వాటి జోలికే పోలేదు. రాసుకుంటున్న అంచును గ్రైండర్‌తో అరగదీసి, పుట్టీ పెట్టి, పెయింట్ వేశారు. తలుపుకూ ఫ్రేముకూ మధ్య గ్యాప్ సాధారణంగా మూడు, నాలుగు మిల్లీమీటర్లకు మించకూడదు. పది రూపాయల నాణేలు రెండు ఒకదానిమీద ఒకటి పెడితే సుమారు అంత మందం. మా తలుపుల్లో కొన్నింటికి చిటికెన వేలు దూరింది.

ఫ్రేము గాడిలో నల్లటి పట్టీ ఒకటి ఉంటుంది, చూసే ఉంటారు. వేడి తగిలితే అది ఉబ్బి గ్యాప్‌ను మూసేస్తుంది. పొగను, మంటను అవతలే ఆపేది అదే. తలుపు బిగుతుగా ఉందని ఆరు చోట్ల ఆ పట్టీని పీకేశారు. పక్కనే ఉండే పొగ ఆపే బ్రష్ సీలు మీద పెయింట్ పూసేశారు. అది కర్రలా గట్టిపడిపోయింది.

ఫ్రేముకూ గోడకూ మధ్య సందుల్లో మామూలు పీయూ ఫోమ్ (డబ్బాతో కొడితే ఉబ్బి గట్టిపడే ప్లాస్టిక్ నురగ) కొట్టారు. ఫిట్టర్ అన్న చిన్న ముక్క కోసి, టెర్రస్ మీద ఇసుక బకెట్ పక్కన పెట్టుకుని లైటర్ అంటించాడు. నల్లటి పొగ కక్కుతూ కాలిపోయింది. నా నోట మాట రాలేదు. ఆ సందుల్లో ఉండాల్సింది సిమెంట్ గ్రౌట్, లేదా రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన, కాలని దూది) కూరి పైన ఫైర్ సీలెంట్.

పగిలిన అద్దాల చోట మామూలు టఫెన్డ్ గ్లాసు, చుట్టూ అల్యూమినియం బీడింగ్ పెట్టారు. ఫైర్ గ్లాసుకు ఓ మూలన చెరిగిపోని ముద్ర ఉంటుంది. వీటికి లేదు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. తలుపులను పరీక్షించే కొలిమిలో పది నిమిషాలకే ఆ వేడి దాటుతుంది, 120 నిమిషాలకు సుమారు 1,050 డిగ్రీలకు చేరుతుంది.

ఇక సర్టిఫికెట్. ఆయనిచ్చింది ఏదో వేరే కంపెనీ తలుపు టెస్ట్ రిపోర్ట్ జిరాక్స్. సైజు వేరు, అసలు అద్దమే లేని తలుపు అది. టెస్ట్ అనేది తలుపు, ఫ్రేము, బందులు, లాక్, అద్దం అన్నీ కలిపిన సెట్టుకు జరుగుతుంది. ఒకదాని కాగితం ఇంకోదానికి పనికిరాదు. మా తలుపులకున్న అసలు లేబుల్ ప్లేట్లను కూడా పెయింట్‌తో కప్పేశారు.

ఇంత కోపం ఎందుకంటారా? 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్ రూబీ హోటల్లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల దగ్గర మంట లేస్తే పొగ పై అంతస్తులకు పాకి ఎనిమిది మంది పోయారు. ఆర్నెల్లకే, 2023 మార్చి 16న, అక్కడే స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంట లేచి ఆరుగురు యువతీయువకులు, వరంగల్, ఖమ్మం వైపు ఊళ్ల నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లు, ఊపిరాడక చనిపోయారు. మా దగ్గర రాత్రి షిఫ్టులో చేసేదీ ఆ వయసు పిల్లలే. వాళ్లకు కిందికి దిగే దారి ఆ మెట్లే.

కాంట్రాక్టర్‌ను నిలదీస్తే "తలుపులు మూసుకుంటున్నాయి కదా సార్" అన్నాడు. మిగిలిన పది శాతం ఆపేశామని చెప్పాక ఫోన్ ఎత్తడం మానేశాడు.

మీరు పని ఇస్తే, ఏ తలుపుకు ఏ భాగం మారుస్తారో తలుపు నంబరుతో సహా ముందే రాయించుకోండి. ఆ భాగం మీ తలుపు టెస్ట్ రిపోర్ట్‌లో ఉన్నదేనా అని తయారీ కంపెనీని మెయిల్‌లో అడగండి. పెయింట్ వేయకముందే ప్రతి తలుపూ మీరు చూడాలి, ఫొటోలు తీయాలి. మాకు ఆ ఫొటోలు లేకపోవడం వల్లే డబ్బు వెనక్కి రాబట్టుకోలేకపోతున్నాం. చివరగా తలుపును కొంచెం తెరిచి ఒకసారి, సగం తెరిచి ఒకసారి, పూర్తిగా తెరిచి ఒకసారి వదిలేయండి. మూడుసార్లూ లాచ్ టక్కున పడితేనే బిల్లు.

గ్రైండర్ పెట్టిన తొమ్మిది తలుపులు బాగుచేయడానికి పనికిరావని తయారీ కంపెనీ తేల్చేసింది. కొత్తవి వచ్చే నెలలో వస్తాయన్నారు. అప్పటిదాకా రాత్రి షిఫ్టును మొదటి అంతస్తుకు దించాం.