2 ఎంఎం అని 1.5 ఎంఎం అంటగట్టారు: బాలానగర్‌లో షీటు పని చేయించుకునేవాళ్ళు చూసుకోండి

పేరు రాయను. హైదరాబాద్ బాలానగర్ వైపు అల్యూమినియం షీటు బెండింగు (మడతలు పెట్టే పని) చేయించుకునేవాళ్ళలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది.

మారుతి 800 ఇంజనుతో నేను సొంతంగా ఒక బగ్గీ (చేలల్లో, మట్టిలో నడిపే చిన్న బండి) కడుతున్నాను. ఛాసిస్ అయిపోయింది, కవర్ ప్లేట్లే మిగిలాయి: మధ్యలో గేర్ కేబుళ్ళ మీద వచ్చే టన్నెల్ కవరు, సీటు వెనక ఇన్‌స్పెక్షన్ మూత, డాష్ కింద చిన్నవి రెండు. నేను అడిగింది 5052 గ్రేడు అల్యూమినియం, 2 ఎంఎం మందం, బెండు లోపలి రేడియస్ 3 ఎంఎం. డీఎక్స్ఎఫ్ ఫైలు (కంప్యూటర్ డ్రాయింగు) పంపాను, అట్టతో కోసిన టెంప్లేట్లూ ఇచ్చాను. "నిశ్చింతగా ఉండండి సార్" అన్నాడు షాపువాడు. డబ్బంతా ముందే కట్టేశాను. అవును, మొత్తం. నవ్వుకోండి.

ఇవాళ తీసుకోవడానికి వెళ్తే టన్నెల్ కవరు చేతికి మరీ తేలిగ్గా తగిలింది. వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెట్టాను: 1.5 ఎంఎం. ఫ్లాంజి (మడిచిన అంచు) మడత దగ్గర ఆ చివర నుంచి ఈ చివరకి వెంట్రుకలాంటి పగులు. 5052 అయితే ఆ రేడియస్‌కి మామూలుగా అలా పగలదు, ఏ స్క్రాపు ముక్కో వాడుంటాడు. పైగా హోల్సు 4 ఎంఎం పక్కకి పోయాయి.

అడిగితే ఏమన్నాడో వినండి. "ఏంది సార్ నువ్వు, గిదేమన్న రాకెట్టా? నువ్వు నడిపేది చేన్లనే గదా!" లోపల పనిచేస్తున్న కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. సరే, అదీ మింగాను. హోల్సు కలవట్లేదు చూడమంటే నా చేతిలోంచి ప్లేటు లాక్కుని, బల్ల మీద పెట్టి, సుత్తితో ఫ్లాంజి మీద రెండు దెబ్బలు వేశాడు. నా కళ్ళ ముందే! పగులు కాస్తా నోరు తెరిచింది. "ఇప్పుడు కూసుంటది, తీస్కపో" అని మళ్ళీ ఫోన్‌లో పడ్డాడు. డబ్బు తిరిగిమ్మంటే, కోసిన షీటు వాపసు తీసుకోరట. బిల్లు అడిగితే, బిల్లు కావాలంటే జీఎస్టీ వేరేగా కట్టాలట. వాహ్.

ఇంటికొచ్చి వంటింటి కాటా మీద తూచాను. 600 x 400 ఎంఎం సైజులో 2 ఎంఎం షీటు దాదాపు 1.3 కిలోలు ఉండాలి. ఇది కిలో కూడా లేదు. మరి మెటీరియల్ డబ్బులు మాత్రం 2 ఎంఎం లెక్కనే తీసుకున్నాడు!

డబ్బు పోతే పోయింది. ఆ సుత్తి దెబ్బలే ఇంకా చెవిలో మోగుతున్నాయి. రాత్రిళ్ళు కూర్చుని కోసిన అట్ట టెంప్లేట్లు కూడా చెత్తలో పారేశారట.

మీరు చేయిస్తే షీటు మీరే కొనివ్వండి, కొయ్యకముందే వెర్నియర్ పెట్టండి. ముందు చిన్న ముక్క మడిపించి పగులుతుందేమో చూడండి. సగం డబ్బు ప్లేటు బండికి బిగించాకే ఇవ్వండి.

నేనైతే రేపు రాణిగంజ్ వెళ్ళి షీటు కొంటున్నా. బెండింగు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసేవాళ్ళు ఎవరైనా తెలిస్తే చెప్పండి, జీడిమెట్ల అయినా కాటేదాన్ అయినా వస్తాను.