క్లియరెన్స్ లాయరమ్మ: పని పక్కా, బిల్లు మంట

మా మరిది వర్జీనియాలో ఒక డిఫెన్స్ కాంట్రాక్టరు దగ్గర నెట్‌వర్క్ పని చేస్తాడు. సీక్రెట్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూడ్డానికి ఇచ్చే అనుమతి, ఉంది. ఒక పార్టీ నుంచి కారు నడుపుకుంటూ వస్తూ డీయూఐలో (తాగి బండి నడిపిన కేసులో) దొరికాడు. బ్లడ్ ఆల్కహాల్ 0.11. అక్కడ చట్టం పెట్టిన హద్దు 0.08. కోర్టు కేసు చూసిన లాయరు వేరు. నేను చెప్పేది క్లియరెన్స్ కోసం విడిగా పెట్టుకున్న లాయరమ్మ ఆఫీసు గురించి.

అప్పటికే ఉచిత సలహాలు బోలెడు వచ్చాయి. "కేసు కొట్టేయించుకుంటే చాలు, ఎవరికీ చెప్పక్కర్లేదు" అన్నారు తెలిసినవాళ్లు. ఆవిడ మొదటి అరగంటలోనే ఆ మాట తీసిపారేసింది. క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో మద్యం, డ్రగ్స్ ఛార్జీల గురించి అడిగేది గత 7 ఏళ్లకి కాదు, జీవితం మొత్తానికి. కేసు కొట్టేసినా, రికార్డు చెరిపేసినా రాయాల్సిందే. పైగా క్లియరెన్స్ ఉన్నవాళ్లు ఫారం వచ్చేదాకా ఆగకూడదు, అరెస్టు సంగతి కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరుకి చెప్పేయాలి. మనం చెప్పకపోయినా, క్లియరెన్స్ ఉన్నవాళ్ల రికార్డుల మీద ప్రభుత్వం చేసే నిరంతర తనిఖీలో బయటపడుతుంది, అప్పుడు తాగి నడపడం కన్నా దాచిపెట్టడమే పెద్ద తలనొప్పి అవుతుందని చెప్పి, ఆ సాయంత్రమే వాడి చేత మెయిల్ పెట్టించింది.

నాకు నచ్చిందేమిటంటే, ఆవిడ ఊరికే భయపెట్టలేదు, ఏం కాదులే అని జోకొట్టనూ లేదు. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా తేల్చడానికి 2017 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో 'జి' అనేది మద్యం గురించే. ఒక్క డీయూఐతో క్లియరెన్స్ పోయి తీరుతుందని అందులో లేదు. మళ్లీ మళ్లీ జరిగిందా, ఎంత కాలమైంది, ఆ తర్వాత మనిషి ఏం చేశాడు, ఇవన్నీ కలిపి చూస్తారు. అందుకే పైనుంచి ఉత్తరం రాకముందే లైసెన్సున్న కౌన్సెలరు దగ్గర తాగుడు అలవాటు మీద ఇవాల్యుయేషన్ చేయించింది. కోర్టు పంపిన ఆల్కహాల్ సేఫ్టీ క్లాసుల సర్టిఫికెట్, ఫైన్ రసీదు, మేనేజరు ఉత్తరం అన్నీ ఒక ఫైల్లో పెట్టించింది. "ఇక జన్మలో తాగనని రాసేయనా?" అని వీడడిగితే, "నిలబడగలిగితేనే రాయి, లేకపోతే అదే మెడకి చుట్టుకుంటుంది" అంది.

తర్వాత ఎస్‌ఓఆర్ (స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్, అంటే క్లియరెన్స్ మీద ప్రభుత్వానికి ఉన్న అభ్యంతరాలు రాసిన ఉత్తరం) రానే వచ్చింది. 20 రోజుల్లో, ఒక్కో ఆరోపణ ఒప్పుకుంటున్నాడో లేదో ప్రమాణం చేసి రాయాలి. మావాడి మొదటి డ్రాఫ్టులో సగం ఆపిన పోలీసు మీద ఏడుపే. ఆవిడ అదంతా కొట్టేసింది. జవాబు వెళ్లాక నెలల తరబడి కబురు లేదు. ఆ టెన్షన్‌కి ఏ లాయరూ మందివ్వలేదనుకోండి. చివరికి ఎస్‌ఓఆర్ వెనక్కి తీసుకున్నారు, క్లియరెన్స్ నిలిచింది.

ఇక బిల్లు. 6 నిమిషాలకో లెక్క. "అందింది, థాంక్స్" అని వాళ్లు పంపిన మెయిలుకీ 6 నిమిషాలు వేశారు! ఫోన్ చేస్తే అసిస్టెంటే ఎత్తుతుంది, ఆ అసిస్టెంటు టైముకీ రేటుంది. గట్టిగా అడిగితే రెండు పద్దులు తీసేశారు. ఒక స్టారు అక్కడే కోశాను, నాలుగిస్తున్నాను. వెళ్లేవాళ్లు ప్రశ్నలన్నీ పోగుచేసి ఒకే మెయిల్లో పంపండి. ఎస్‌ఓఆర్ జవాబుకి ఫ్లాట్ ఫీజు కూడా ఉందట, అడిగినవాళ్లకే చెబుతారు.