అద్దె గదిలో మొదలయ్యే తెలుగు పాడ్‌కాస్ట్‌కు శాంసన్ క్యూ2యూ మైకు: సమీక్ష

బెంగళూరులో అద్దెకుంటూ తెలుగులో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలనుకునేవారు మొట్టమొదట అడిగేది మైకు గురించే. ఏది కొనాలని నన్ను అడిగిన ప్రతివారికీ నేను శాంసన్ క్యూ2యూ పేరే చెబుతున్నాను. దీనికంటే ఖరీదైనవి, చూడటానికి అందమైనవి, కాగితం మీద గొప్పగా కనిపించేవి మార్కెట్లో చాలానే ఉన్నాయి. అయినా మారతహళ్ళి, కృష్ణరాజపురం, వైట్‌ఫీల్డ్ వంటి చోట్ల రోడ్డు పక్క అపార్ట్‌మెంట్లలో, టైల్స్ నేల, బోసి గోడలు ఉన్న గదుల్లో కూర్చుని మాట్లాడవలసినవారికి ఈ మైకు పనికొచ్చినంతగా వాటిలో చాలా మైకులు పనికిరావు. ఈ నగరంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పెద్దలను వారి ఇళ్ళలోనే పలకరించి, వారి జ్ఞాపకాలను రికార్డు చేసే పాడ్‌కాస్ట్‌కు నేను దీన్నే వాడుతున్నాను.

క్యూ2యూ డైనమిక్ రకానికి చెందిన మైకు. కొత్తవారు తరచుగా కొనే బ్లూ యెతి వంటివి కండెన్సర్ రకానివి. పైన చెప్పిన గదుల్లో డైనమిక్ మైకు మెరుగ్గా పనిచేస్తుంది. గదిలోని రొదను అది దానంతట అదే తీసేస్తుందని చాలామంది నమ్ముతారు గానీ, అసలు కారణం అది కాదు. కండెన్సర్ మైకు సున్నితమైనది కాబట్టి దూరంగా కూర్చుని మాట్లాడినా గొంతు బాగానే వినబడుతుంది, అందుకని మాట్లాడేవారు తెలియకుండానే దూరం జరుగుతారు. క్యూ2యూ అంత సున్నితమైనది కాకపోవడం వల్ల బెత్తెడు దూరంలోపే నోరు పెట్టి మాట్లాడక తప్పదు, గొంతును కాపాడేది ఆ దగ్గరితనమే. నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపయితే నేరుగా చేరే గొంతు 6 డెసిబెల్స్ మేర తగ్గుతుంది. గోడలకూ నేలకూ తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని మాత్రం దాదాపు తగ్గదు. బావిలోంచి మాట్లాడుతున్నట్టుండే రికార్డింగులన్నిటికీ మూలం ఇదే, దానికి ఏ సాఫ్ట్‌వేరూ పూర్తి మందు కాదు.

ఈ మైకు కార్డియాయిడ్ పద్ధతిలో వింటుంది. అంటే ఎదురుగా ఉన్న గొంతును బాగా పట్టుకుని, సరిగ్గా వెనక నుంచి వచ్చే శబ్దాన్ని బాగా తగ్గిస్తుంది. ఈ ఒక్క లక్షణాన్ని వాడుకోవడం తెలిస్తే బెంగళూరు అపార్ట్‌మెంటులో సగం బాధ తప్పుతుంది. వీధి వైపు కిటికీ మాట్లాడేవారి వెనక కాకుండా మైకు వెనక ఉండేలా కుర్చీ వేసుకోవాలి. మాట్లాడేవారి వెనక మాత్రం బట్టలతో నిండిన అలమరా గానీ, దుప్పట్లు వేలాడదీసిన దండెం గానీ ఉంటే ఇంకా మంచిది. ఇంత చేసినా వాటర్ ట్యాంకరు వచ్చి కింద మోటారు వేసినప్పుడు, పక్కింట్లో కుక్కరు కూత పెట్టినప్పుడు ఆగడం తప్పదు. సీలింగ్ ఫ్యాను ఆపేసి గంటసేపు కూర్చోగలగడం ఈ ఊరి వాతావరణం మనకిచ్చిన వరం. చెన్నైలో మే నెలలో రికార్డు చేసే మిత్రులకు ఆ భాగ్యం లేదు.

తెలుగు మాట్లాడేవారి నోటి తీరుకు ఈ మైకు ఎలా సరిపోతుందన్న విషయం సమీక్షల్లో నాకు ఎక్కడా కనబడలేదు కనుక దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. 'ప్రభుత్వం', 'భయపడ్డాం', 'పెళ్ళిపీటలు' వంటి మాటలను మైకుకు నేరుగా ఎదురుగా పలికితే పకార భకారాల దగ్గర పెదవుల నుంచి వెలువడే గాలి మైకులోని పలుచని పొరను తాకి 'ధబ్' మని చప్పుడవుతుంది. పెట్టెలోనే వచ్చే స్పాంజి టోపీ ఆ గాలిని కొంత ఆపుతుంది, పూర్తిగా ఆపదు. మైకును నోటికి సరిగ్గా ఎదురుగా కాక, పెదవుల కొసన కాస్త పక్కకు, సుమారు నలభై అయిదు డిగ్రీల కోణంలో పెడితే గాలి దాన్ని దాటిపోతుంది, గొంతు మాత్రం అలాగే చేరుతుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. వాక్యం చివర 'వెళ్ళిపోయారు', 'అన్నాడు' అనేటప్పుడు గొంతు దించే అలవాటున్న పెద్దవారి మాటల్లో ఆ చివరి అక్షరాలు దూరపు మైకులో గాలిలో కలిసిపోతాయి. దగ్గరి మైకులో అవి నిలబడతాయి. మైకుకు బాగా దగ్గరైతే గొంతులోని మంద్ర స్థాయి పెరిగి వినబడే గుణం కార్డియాయిడ్ మైకుల్లో చాలావాటికి ఉంది. పలుచని గొంతులకు అది నిండుదనాన్నిస్తుంది. సహజంగానే బరువైన గొంతు ఉన్నవారు రెండు వేళ్ళ మేర వెనక్కి జరిగితే సరిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది మైకు అడుగున ఉన్న హెడ్‌ఫోన్ పోర్టు. 3.5 మిల్లీమీటర్ల మామూలు పిన్ను అందులో పెడితే, కంప్యూటరు దాకా వెళ్ళి తిరిగొచ్చే ఆలస్యం లేకుండా మైకు వింటున్నది వింటున్నట్టే మన చెవికి చేరుతుంది. నగరంలోని వైయాలికావల్‌లో ఒక పెద్దాయన ఇంట్లో రికార్డు చేస్తుండగా, తన చిన్ననాటి వీధిని చెయ్యెత్తి చూపిస్తూ ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. గొంతు ఎంత సన్నబడిందో గదిలో కూర్చుని వింటే తెలియదు, హెడ్‌ఫోన్‌లో ఆ క్షణమే తెలిసింది. "తాతగారూ, కొంచెం ముందుకు జరుగుతారా, మీ మాట మైకుకు అందడం లేదు" అని అడిగితే, "ఓ, దీనికి వినబడాలంటే చెవిలో చెప్పినట్టు చెప్పాలన్నమాట" అని నవ్వుతూ దగ్గరికి జరిగి, మళ్ళీ ఆ వీధి కథ మొదటి నుంచి ఎత్తుకున్నారు. ఇంటికొచ్చి ఎడిటింగుకు కూర్చున్నాక ఆ లోపం తెలిసి ఉంటే చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. రికార్డింగు జరుగుతున్నంతసేపూ హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉండటం ఎదుటివారికి మర్యాదలోపంగా తోచవచ్చు కనుక, ఎందుకు పెట్టుకున్నామో ముందే ఒక మాట చెప్పుకోవడం మంచిది.

దీని పేరు నిలబెట్టిన మరో సౌకర్యం రెండు దారుల్లో పనిచేయగలగడం. యూఎస్‌బీ వైరుతో నేరుగా ల్యాప్‌టాప్‌కు కలపవచ్చు, అప్పుడు 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ నాణ్యత వరకు రికార్డవుతుంది. మాటకు అంతకంటే అవసరం లేదు. స్టూడియో మైకులకు వాడే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ వైరుతో మిక్సరుకో, మైకు సిగ్నలును కంప్యూటరుకు అందించే ఆడియో ఇంటర్‌ఫేసు అనే పెట్టెకో కూడా కలపవచ్చు. ఒంటరిగా మాట్లాడేవారికి మొదటి దారి చాలు. ఇంటర్వ్యూలు చేయదలచినవారు మాత్రం ఒక సంగతి ముందే తెలుసుకోవాలి: రెండు యూఎస్‌బీ మైకులను ఒకే కంప్యూటరుకు పెట్టి వేర్వేరు ట్రాకులుగా రికార్డు చేయడం అనుకున్నంత సులువు కాదు. మ్యాక్‌లో రెంటినీ కలిపి ఒకే పరికరంగా చూపించే ఏర్పాటు ఉంది, విండోస్‌లో అలాంటిది సిద్ధంగా లేదు, ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరు కూడా ఒకసారి ఒక పరికరం నుంచే రికార్డు చేస్తుంది. ఇద్దరికీ చెరొక క్యూ2యూ తీసుకుని, ఎక్స్‌ఎల్‌ఆర్ వైర్లతో ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 వంటి రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేసుకు కలపడం దీనికి సరైన దారి. ల్యాప్‌టాప్ మోసుకెళ్ళడం ఇష్టం లేనివారికి జూమ్ పాడ్‌ట్రాక్ పీ4 అనే చిన్న రికార్డరు ఉంది. దానికి నాలుగు మైకులు పెట్టవచ్చు, ఎస్‌డీ కార్డులో రికార్డు చేస్తుంది, రెండు పెన్సిల్ సెల్స్ మీద కూడా నడుస్తుంది. డైనమిక్ మైకులకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (వైరు గుండా మైకుకు పంపే కరెంటు) అక్కరలేదు కాబట్టి ఆ సెల్స్ మీద భారం కూడా తగ్గుతుంది. మొదట యూఎస్‌బీతో మొదలుపెట్టి, పాడ్‌కాస్ట్ నిలదొక్కుకున్నాక ఇంటర్‌ఫేసు కొనుక్కున్నా పాత మైకు పారేయనక్కరలేదు. మొదటిసారి డబ్బు పెట్టేవారికి ఈ మైకును సిఫారసు చేయడానికి నాకున్న ప్రధాన కారణం ఇదే.

లోపాలు లేకపోలేదు. పెట్టెలో వచ్చే మూడు కాళ్ళ స్టాండు పొట్టిది. దాన్ని బల్ల మీద పెట్టి మాట్లాడాలంటే మెడ వంచాల్సివస్తుంది, మెడ వంగితే గొంతు నొక్కుకుపోతుంది. పైగా బల్ల మీద చెయ్యి పెట్టినా, గ్లాసు దించినా ఆ చప్పుడు స్టాండు గుండా మైకులోకి ఎక్కుతుంది. బల్ల అంచుకు బిగించే బూమ్ స్టాండును మైకుతో పాటే కొనుక్కోవాలని నా సలహా. అది వీలుకాకపోతే స్టాండు కింద నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు వేయాలి. మైకు మీది స్విచ్చును మధ్యలో ముట్టుకుంటే ఆ చప్పుడూ రికార్డవుతుంది కనుక మొదలుపెట్టేముందే ఆన్ చేసి వదిలేయాలి. ఎక్స్‌ఎల్‌ఆర్ దారిలో వాడేటప్పుడు డైనమిక్ మైకు సహజంగానే చిన్న సిగ్నలు ఇస్తుంది. నాసిరకం ఇంటర్‌ఫేసులో గెయిన్ (సిగ్నలును పెంచే అమరిక) చివరిదాకా పెంచితే బుస్సుమనే రొద తేలుతుంది. ఇదే వరుసలో ఆడియో టెక్నికా ఏటీఆర్2100ఎక్స్ కూడా ఉంది, అదీ డైనమిక్, అదీ రెండు దారుల్లో పనిచేసేదే. యూఎస్‌బీ సీ పోర్టు, 24 బిట్ రికార్డింగు దానికున్న అదనపు విశేషాలు. ఒక్క గొంతును రికార్డు చేసేటప్పుడు ఆ 24 బిట్ల వల్ల వినేవారికి తెలిసే తేడా ఏమీ ఉండదు. ఏది చవకగా దొరికితే అది తీసుకోవచ్చు.

సాఫ్ట్‌వేరు విషయంలో ఖర్చు అనవసరం. 2000 సంవత్సరంలో మొదటిసారి విడుదలైన ఆడాసిటీ నేటికీ ఉచితమే, తెలుగు పాడ్‌కాస్ట్‌కు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ప్రతి రికార్డింగు మొదట్లో ఎవరూ మాట్లాడకుండా కొన్ని క్షణాలు గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసి ఉంచుకుంటే, నాయిస్ రిడక్షన్‌లో ఆ ముక్కను నమూనాగా చూపి మిగతాదంతా శుభ్రం చేయవచ్చు. దాన్ని ఎక్కువ వాడితే గొంతు నీటి అడుగున పలికినట్టవుతుంది, కాబట్టి తక్కువతో సరిపెట్టుకోవాలి. ఆ తర్వాత మొత్తం శబ్దాన్ని ఒక స్థాయికి తెచ్చే లౌడ్‌నెస్ నార్మలైజేషన్. అక్కడ ముందుగా ఉండే అంకె మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత బిగ్గరగా వినబడుతుందో చెప్పే కొలమానం). ఆ స్థాయి పాడ్‌కాస్ట్‌కు మరీ తక్కువ, ఆపిల్ సంస్థ సూచించేది మైనస్ 16. ఆ అంకె మార్చకుండా విడుదలచేసిన ఎపిసోడ్లను సిల్క్ బోర్డ్ కూడలి దగ్గర బస్సులో కూర్చుని వినాలంటే ఎంత పెంచినా వినబడవు. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ మోనోలో (ఒకే ఛానల్‌లో) గంట రికార్డింగు సుమారు 345 ఎంబీ అవుతుంది. దాన్నే 64 కేబీపీఎస్ మోనో ఎంపీ3గా మారిస్తే 29 ఎంబీ లోపే ఉంటుంది, మాటల పాడ్‌కాస్ట్‌కు ఆ నాణ్యత సరిపోతుంది, మొబైల్ డేటా మీద వినేవారికీ భారం కాదు.

ఎపిసోడ్లను ఇంటర్నెట్‌లో ఉంచే హోస్టింగు గురించి ఒక్క మాట. యాంకర్ పేరుతో మొదలై, 2019లో స్పాటిఫై చేతికి వెళ్ళి, ఇప్పుడు స్పాటిఫై ఫర్ క్రియేటర్స్ పేరుతో నడుస్తున్న సేవ ఉచితం. కొత్తవారికి అది చాలు. గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడింది కనుక పాత సలహాల్లో ఆ పేరు కనబడితే వదిలేయవచ్చు. ఏ సేవలో పెట్టినా మీ ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌ను (ఎపిసోడ్ల జాబితాను పాడ్‌కాస్ట్ యాప్‌లకు అందించే లింకును) మరోచోటికి మళ్ళించుకునే వీలుందో లేదో ముందే చూసుకోవాలి, ఎందుకంటే శ్రోతలు మిమ్మల్ని చేరేది ఆ ఫీడ్ ద్వారానే. ముఖచిత్రం చతురస్రంగా, 3000 పిక్సెళ్ళ కొలతలో చేయించుకుంటే అన్ని వేదికలకూ పనికొస్తుంది.

కొనడానికి ఆన్‌లైన్ సులువే. వైర్లు, స్టాండు, అడాప్టర్ల వంటివాటికి మాత్రం టౌన్‌హాలుకు దగ్గర్లోని ఎస్పీ రోడ్డుకు వెళ్ళి చేత్తో పట్టుకుని చూసి కొనడం మేలు. అక్కడి ఇరుకు సందుల్లో కన్నడం రాకపోయినా తెలుగుతో పని జరిగిపోయే దుకాణాలు కనబడతాయి. పాత తయారీ క్యూ2యూలో మినీ యూఎస్‌బీ పోర్టు ఉంటుంది, ఆ వైరు ఈ రోజుల్లో ఇంట్లో దొరకదు కనుక అదనంగా ఒకటి తీసి ఉంచుకోవాలి. పేరున్న మైకు కదా అని బిల్లు లేకుండా చవకగా ఇస్తామనేవారి దగ్గర తీసుకోవద్దు, వారంటీ అడగడానికి ఆ కాగితమే ఆధారం. ఇంటికి తెచ్చిన రోజే యూఎస్‌బీ దారిలో ఒకసారి, హెడ్‌ఫోన్ పోర్టులో ఒకసారి, మిత్రుల దగ్గర మిక్సరు ఉంటే ఎక్స్‌ఎల్‌ఆర్ దారిలో ఒకసారి పరీక్షించి, ఏ ఒక్కటి పలకకపోయినా వాపసు గడువు దాటకముందే తిరిగి పంపాలి.