మైక్రోస్కోప్ బొమ్మల్లో కొలతలు తీయడానికి ఫిజీ ఎలా ఉంది?

ఫ్లోరసెన్స్ (వెలుగునిచ్చే రంగులతో తీసిన) బొమ్మల నుంచి అంకెలు రాబట్టడానికి ఫిజీని మించిన ఉచిత సాఫ్ట్‌వేర్ దొరకడం కష్టం. వేన్ రాస్‌బాండ్ రాసిన ఇమేజ్‌జే అనే బొమ్మల విశ్లేషణ ప్రోగ్రామ్‌కి కావలసిన ప్లగిన్లన్నీ చేర్చి ఇచ్చిన రూపమిది. రకరకాల మైక్రోస్కోప్ ఫైళ్లను చదివే బయో-ఫార్మాట్స్ ప్లగిన్ ముందే ఉంటుంది కాబట్టి జైస్, నికాన్, లైకా మైక్రోస్కోప్‌ల ఫైళ్లు పిక్సెల్ సైజుతో సహా తెరుచుకుంటాయి. వాటిని జేపెగ్‌గా మార్చి తెచ్చుకోవద్దు, కొలతకు పనికిరావు.

చిక్కల్లా ఒకటే: మనం తప్పు చేస్తున్నా ఇది అడ్డు చెప్పదు. 16 బిట్ల బొమ్మను 8 బిట్లకు మారిస్తే, అప్పుడు తెర మీదున్న డిస్‌ప్లే రేంజినే (నలుపు నుంచి తెలుపు దాకా చూపే విలువల హద్దులు) 0–255గా సర్దేస్తుంది. కంట్రోల్‌కు (మందు వేయని కణాలకు) ఒక రేంజి, మందు వేసిన కణాలకు ఇంకో రేంజి ఉంటే ఆ రెండు బొమ్మలనూ ఇక పోల్చలేం. అసలు ఫైలు ముట్టుకోకుండా డూప్లికేట్ మీదే పని చేయాలి, ఎందుకంటే అన్‌డూ ఒక్క అడుగే వెనక్కి వెళ్తుంది.

శాచురేషన్‌ను, అంటే విలువ గరిష్ఠానికి చేరిన పిక్సెళ్లను, ఎరుపులో చూపించే హైలో (HiLo) రంగుల పట్టిక చాలా ఉపయోగం. కాకపోతే 12 బిట్ల కెమెరా అయితే ముందు రేంజిని 0–4095కి పెట్టాలి, లేదంటే బాగున్న బొమ్మలోనూ ఎరుపు కనిపిస్తుంది. రేంజి సరిగా పెట్టాక కూడా కణాల్లో ఎరుపు ఉంటే ఎక్స్‌పోజర్ తగ్గించి మళ్లీ తీయాల్సిందే.

కేంద్రకాల్లో జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్) కొలవాలంటే: డాపీ (కేంద్రకాలకు పట్టే నీలి రంగు) ఛానల్ డూప్లికేట్‌కు సిగ్మా 1 లేదా 2తో గాసియన్ బ్లర్ (బొమ్మను కాస్త మసకచేయడం), ఓట్సు థ్రెషోల్డ్ (కేంద్రకాలను వెనకనున్న చీకటి నుంచి వేరుచేసే హద్దు), వాటర్‌షెడ్ (అంటుకున్న వాటిని విడదీయడం), ఆపైన అనలైజ్ పార్టికల్స్ (ఒక్కొక్కదాన్ని గుర్తించి కొలవడం). హీలా కణాలకైతే (ల్యాబుల్లో పెంచే మానవ కణాలు) సైజు 50–500 చదరపు మైక్రాన్లతో మొదలుపెట్టి, అంచు తాకినవి వదిలేయాలి. వచ్చిన కేంద్రకాల అంచు గీతలను ఆర్‌ఓఐ మేనేజర్లో (ఎంచుకున్న ప్రాంతాల జాబితా) పెట్టి, బ్లర్ చేయని జీఎఫ్‌పీ బొమ్మ మీద కొలవాలి. వాటర్‌షెడ్ గుండ్రటి ఆకారాలకే నప్పుతుంది, పొడవాటి కేంద్రకాలను ముక్కలు చేస్తుంది. కేంద్రకాలు కిక్కిరిసి ఉంటే, వాటిని విడివిడిగా గుర్తించే స్టార్‌డిస్ట్ ప్లగిన్ మేలు.

బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం మరిచిపోతే నిష్పత్తులన్నీ తప్పుతాయి. కెమెరా ఆఫ్‌సెట్ (వెలుగు లేకపోయినా కెమెరా చూపే విలువ), కణాలుండే ద్రవం మెరుపు కలిసి 100 అనుకుందాం: 300, 200 అనే రీడింగులు ఒకటిన్నర రెట్ల తేడాలా కనిపిస్తాయి, నిజానికి అది రెండు రెట్లు.

అన్నిటికన్నా విలువైనది, మనం చేసిన అడుగులను రాసిపెట్టే మాక్రో రికార్డర్. థ్రెషోల్డ్ పద్ధతిని కొన్ని ప్రయోగాత్మక (పైలట్) బొమ్మల మీద తేల్చుకుని, అవే అడుగులు అన్ని ఫైళ్లకూ నడిపించవచ్చు. సెట్ మెజర్‌మెంట్స్‌లో డిస్‌ప్లే లేబుల్ కూడా టిక్ చేయండి, ప్రతి వరుసలో బొమ్మ పేరు వస్తుంది. ఒకే డిష్ నుంచి 300 కణాలు కొలిచినా ఎన్ విలువ (విడి ప్రయోగాల సంఖ్య) 1 మాత్రమే, అందుకే ఏ వరుస ఏ డిష్‌దో పట్టికలో ఉండాలి.