టిబిలిసిలో ఫ్లాట్ కొని అద్దెకిస్తే: కొన్నేళ్ల తర్వాత నా సమీక్ష

జార్జియా అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఎంబీబీఎస్. ఈ మధ్య దానికి ఇంకో మాట తోడైంది: "అక్కడ ఒక ఫ్లాట్ తీసుకో, అద్దె డాలర్లలో వస్తుంది, ట్యాక్స్ 5 శాతమే." ఉద్యోగం మీద ఆ దేశ రాజధాని టిబిలిసిలో ఉన్న రోజుల్లో నేను సబుర్తాలో అనే పేటలో ముందు అద్దెకున్నాను. 2019లో అదే పేటలో సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నాను. తర్వాత ఉద్యోగం మారి ఆ దేశం వదిలేశాను గానీ, ఫ్లాట్ మాత్రం అప్పటి నుంచి అద్దెలోనే ఉంది. కరోనా, పక్కన యుద్ధం, ఎన్నికల గొడవలు, అన్నీ ఆ ఫ్లాట్ చూసింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అక్కడ కొనడం చాలా తేలిక, ఆ తేలికే మనల్ని బోల్తా కొట్టిస్తుంది. రాబడిని తేల్చేవి మాత్రం రెండే: లారీ (అక్కడి కరెన్సీ పేరు) మారకం రేటు, మన తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆ మనిషి. ఫ్లాట్ ఎంత బాగుంది, ఏ అంతస్తు, బాల్కనీలోంచి ఏం కనిపిస్తుంది, ఇవన్నీ వాటి తర్వాతే.

కొనడం సంగతి త్వరగా ముగిస్తాను. ప్రపంచ బ్యాంకు వ్యాపార సౌలభ్య జాబితా 2020లో జార్జియాది 7వ స్థానం. ఆ జాబితాను తర్వాత ఆపేశారు గానీ, రిజిస్ట్రీ విషయంలో ఆ పేరు ఊరికే రాలేదు. ఆ ఆస్తికి ఉండే కడాస్ట్రల్ కోడ్ అనే నంబరు కొడితే పబ్లిక్ రిజిస్ట్రీ సైట్లో ఓనరు ఎవరు, తాకట్టు ఉందా, కోర్టు అటాచ్‌మెంట్ ఉందా అనేవన్నీ కనిపిస్తాయి. స్టాంప్ డ్యూటీ లాంటిది లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు కడితే చాలు. విదేశీయులు ఫ్లాట్ కొనడానికి అడ్డేమీ లేదు. వ్యవసాయ భూమికి మాత్రం 2018లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం ఒప్పుకోదు. "ఊరి బయట ద్రాక్షతోట చవగ్గా వస్తోంది" అని ఎవరైనా చెబితే అక్కడే ఆపేయండి. మనకు జార్జియన్ రాదు కాబట్టి సంతకాల దగ్గర అనువాదకుడు ఉండాలి. అనువాదకుణ్ణి మాత్రం అమ్మేవాళ్లు తెచ్చే మనిషి కాకుండా మీరే చూసుకోండి.

కొత్త భవనాల్లో ఒక సంగతి గమనించాలి. అక్కడ ధర చెప్పేది ఏ "ఫ్రేమ్" అన్నదాన్ని బట్టి. బ్లాక్ ఫ్రేమ్ అంటే ఒట్టి కాంక్రీటు గూడు. వైట్ ఫ్రేమ్ అంటే గోడలు నున్నగా చేసి, వైరింగు లాగి, మెయిన్ డోరు, కిటికీలు పెట్టి ఇస్తారు. టైల్స్, బాత్రూమ్, కిచెన్, బాయిలర్, ఫర్నిచర్ అన్నీ మన ఖర్చే. అద్దెకొచ్చేవాళ్లు వాషింగ్ మెషీన్ నుంచి గరిటెల దాకా ఉంటేనే వస్తారు. చదరపు మీటర్ల లెక్కలో బాల్కనీ కూడా కలిసి ఉంటుంది. బ్రోషర్‌లో చవగ్గా కనిపించిన ఫ్లాట్, మనిషి కాపురం పెట్టే స్థితికి వచ్చేసరికి ఎంతవుతుందో ముందే లెక్క వేసుకోవాలి. నేను ఆ పని పెట్టుకోకుండా, రెమోంట్ చేసి ఉన్న ఫ్లాటే కొన్నాను. రెమోంట్ అంటే అక్కడ లోపలి పనులన్నీ పూర్తి చేయించడం.

ముందు అద్దెకుండటం వల్ల నాకు కలిగిన లాభం మాత్రం పెద్దది. సోవియట్ కాలం నాటి చాలా బిల్డింగుల్లో లిఫ్టు ఎక్కాలంటే లోపలున్న డబ్బాలో చిల్లర వేయాల్సి వచ్చేది. దిగడానికి డబ్బు అక్కర్లేదు. మొదట్లో నవ్వొచ్చింది గానీ, చిల్లర లేని రోజు సామాను మోసుకుంటూ మెట్లెక్కితే తెలిసింది, అద్దెకొచ్చేవాళ్లు కొత్త బిల్డింగు ఎందుకు అడుగుతారో. మెట్రోకు నడిచి వెళ్లగలిగే దూరం అనేది అక్కడ అద్దెను నిర్ణయిస్తుంది. మెడికల్ యూనివర్సిటీ, డెలిసి, వాజా ప్షవేలా స్టేషన్ల చుట్టుపక్కల ఇల్లు ఖాళీగా ఉండటం తక్కువ. అన్నిటికన్నా ముఖ్యం చలికాలం. ఇల్లు వెచ్చగా ఉండేది గ్యాస్ బాయిలర్‌తోనే. జనవరిలో అద్దెకున్న విద్యార్థుల నుంచి "అంకుల్, బాయిలర్ ఆగిపోయింది" అని మెసేజ్ వస్తే ఆ రోజే మెకానిక్‌ను పంపాలి, లేకపోతే ఆ కుర్రాళ్లు ఇంకో ఇల్లు వెతుక్కుంటారు. ఏటా చలి మొదలవకముందే బాయిలర్ సర్వీసు, పొగ గొట్టం తనిఖీ చేయిస్తాను. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది, అందులో పొదుపు చేయొద్దు.

ఇక అసలు విషయం, తాళంచెవి. నేను వచ్చేశాక ఫ్లాటును ఒక మేనేజ్‌మెంట్ కంపెనీకి అప్పగించాను, నెల అద్దెలో 10 శాతానికి. ఫోటోలు, రిపోర్టులు, ఇంగ్లిష్‌లో మెయిళ్లు, అంతా పద్ధతిగా ఉండేది. ఒక శీతాకాలం "సీజన్ డల్‌గా ఉంది, ఖాళీగా ఉంది" అని వరుసగా రెండు నెలలు రాశారు. అక్కడ గ్యాస్, కరెంటు, నీళ్ల బిల్లులు చందాదారు నంబరు కొడితే బ్యాంకు యాప్‌లోనే కనిపిస్తాయి, ఏ దేశంలో ఉన్నా సరే. ఖాళీ ఇంటికి గ్యాస్ బిల్లు నిండు కాపురానికి వచ్చినంత వచ్చింది. అడిగితే, రంగులు వేసేవాళ్లు చలికి హీటింగ్ పెట్టుకున్నారని జవాబు. రంగులు వేయమని నేను చెప్పిందే లేదు. మా అంతస్తులోనే ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మకు ఫోన్ చేశాను. "రోజుకో సూట్‌కేసు వస్తోంది, పోతోంది" అని ఆవిడ చెప్పేసింది. ఫ్లాటును రోజువారీ టూరిస్టులకు ఇస్తున్నారన్నమాట, నా లెక్కలో మాత్రం ఖాళీ.

ఆ నెలలోనే వాళ్లతో ఒప్పందం రద్దు చేసుకున్నాను. ఇప్పుడు తాళం ఆ టీచరమ్మ దగ్గరే ఉంటుంది. నెలకు ఇంత అని లారీల్లో ఇస్తాను, ఇల్లు ఖాళీగా ఉన్న నెలల్లో కూడా. అద్దెలో వాటా ఇస్తే, ఖాళీ నెలల్లో ఆవిడ ఇల్లు ఎందుకు చూస్తుంది? ఆవిడకు ఇంగ్లిష్ రాదు, నాకు జార్జియన్ అంతంతమాత్రం. వీడియో కాల్‌లో "శ్విలో" (బిడ్డా) అని పిలుస్తూ మొదలుపెట్టి, కారే కుళాయిని ఫోన్ దగ్గరగా పెట్టి చూపిస్తుంది. మిగతాది అనువాదం యాప్ చూసుకుంటుంది. దూరం నుంచి ఇల్లు నడపాలనుకునేవాళ్లు ఎవరికి ఇచ్చినా సరే, గ్యాస్ బిల్లు మాత్రం నెలనెలా మీరే చూసుకోండి. ఏ రిపోర్టూ అంత నిజం చెప్పదు.

అద్దె డాలర్లలో వస్తుందన్న మాట సగమే నిజం. మాట్లాడుకునేది డాలర్లలో, చేతికిచ్చేది ఎక్కువగా లారీల్లో. 2014లో డాలరుకు 1.75 లారీల చుట్టూ ఉండేది. 2021 మొదట్లో 3.30 దాటింది. 2023 వచ్చేసరికి మళ్లీ 2.60 దగ్గరకు బలపడింది. లారీ పడినప్పుడు అద్దెకున్నవాళ్లు "పాత రేటుకే తీసుకోండి" అంటారు. బలపడినప్పుడు మెకానిక్, టీచరమ్మ జీతం, బిల్డింగు మెయింటెనెన్స్ అన్నీ డాలర్లలో పెరుగుతాయి. అందుకని నా ఒప్పందంలో అంకె డాలర్లలో ఉంటుంది, కట్టే రోజున జార్జియా నేషనల్ బ్యాంకు ప్రకటించే అధికారిక రేటు అని రాసి ఉంటుంది. ఈ ఒక్క వాక్యం వల్ల చాలా వాదనలు తప్పాయి.

2020లో సరిహద్దులు మూసేసి, విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోయాక ఫ్లాట్ నెలల తరబడి ఖాళీ. 2022లో అంతా తలకిందులైంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, మళ్లీ సెప్టెంబరులో సైనిక సమీకరణ ప్రకటించాక, రష్యా నుంచి జనం వేలల్లో వచ్చిపడ్డారు. ఆర్నెల్ల అద్దె ఒకేసారి ఇస్తామనేవాళ్లు. అప్పుడు మా ఫ్లాటులో మన విద్యార్థులే ఉన్నారు. "ఖాళీ చేయించండి, రెట్టింపు వస్తుంది" అని ఒక బ్రోకరు రోజూ ఫోన్. ఒప్పందం ఉండగా పరీక్షల ముందు పిల్లల్ని బయటికి పంపడం నాకు నచ్చలేదు, గడువు దాకా ఆగాను. తర్వాత అద్దె దాదాపు రెట్టింపైన మాట నిజమే. అది ఎక్కువ కాలం నిలవలేదు, 2023 నుంచే దిగడం మొదలైంది. ఇళ్ల ధరలు మాత్రం దిగలేదు. 2022 అద్దెను చూసి లెక్కలు వేసుకుని కొన్నవాళ్ల ముఖాలు నేను చూశాను.

లెక్కంటే గుర్తొచ్చింది. ఉదాహరణకు 70,000 డాలర్ల ఫ్లాట్, నెలకు 500 అద్దె అనుకుందాం. అమ్మేవాళ్ల కాగితం మీద అది 8.5 శాతానికి పైనే. ఏడాదికి ఒక నెల ఖాళీ, 5 శాతం పన్ను, చూసుకునేవాళ్లకు 10 శాతం, రిపేర్లకు ఒక 400 తీసేస్తే చేతికి మిగిలేది 6 శాతం. మంచం విరిగిన ఏడాది అది కూడా ఉండదు. కొత్తగా ఆ ఇంట్లోకి వచ్చేవాళ్లు మొదటి నెల, చివరి నెల అద్దె ముందే ఇవ్వడం అక్కడ మామూలు. బ్రోకరు కమీషన్ తరచుగా ఓనరు మీదే పడుతుంది.

ఆ 5 శాతం కూడా దానంతట అది వచ్చేది కాదు. నివాసానికి ఇల్లు అద్దెకిస్తున్నామని రెవెన్యూ సర్వీసులో, అంటే అక్కడి పన్నుల శాఖలో, నమోదు చేసుకున్న వ్యక్తులకే అది వర్తిస్తుంది, మొత్తం అద్దె మీద, ఖర్చులేవీ తీసేయకుండా. నమోదు కాకపోతే 20 శాతం. కొని రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద పన్ను ఉండదు, ఇది నిజంగా మంచి సదుపాయం.

ఇండియాలో రెసిడెంట్‌గా ఉన్నవాళ్లకు ఇంకో గొడవ ఉంది. విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ, అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కుపోయినట్టే. రిటర్నులో విదేశీ ఆస్తుల వివరాలు రాసే షెడ్యూల్ ఎఫ్ఏ తప్పక నింపాలి. విదేశీ ఆస్తి దాస్తే నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షలు. అద్దెను కూడా ఇక్కడ ఆదాయంగా చూపించాలి, అక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ అడగొచ్చు. దీనికి మంచి సీఏ ఫీజు కూడా ఖర్చులో కలుపుకోండి.

బటూమి గురించి అడుగుతుంటారు. నల్ల సముద్రం ఒడ్డు, ఆకాశహర్మ్యాలు, "గ్యారంటీ రిటర్న్" హోటల్ అపార్ట్‌మెంట్లు. అక్కడ సీజన్ అంటే వేసవి నెలలే. గ్యారంటీ కింద ఇచ్చే డబ్బును ముందే ధరలో కలిపి మన దగ్గరే వసూలు చేస్తారని నా నమ్మకం. నేనైతే దాని జోలికి పోను.

విద్యార్థుల మీద ఆధారపడటం కూడా తగ్గించుకున్నాను. ప్రభుత్వ యూనివర్సిటీల్లో విదేశీ విద్యార్థుల ప్రవేశాలను కట్టడి చేస్తామని 2025లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఒక్క ప్రకటనతో ఒక పేట అద్దెలన్నీ ఊగిసలాడగల దేశం అది. 2024 చివర్లో ఈయూ చేరిక చర్చలు ఆపుతున్నామన్నప్పుడు వీధుల్లో రోజుల తరబడి నిరసనలు సాగాయి. అప్పుడు ఇల్లు చూడ్డానికి వస్తామన్నవాళ్లు కూడా రాలేదు. ప్రస్తుతం ఫ్లాటులో ఒక స్థానిక జంట ఉన్నారు. అద్దె కొంచెం తక్కువే గానీ, టైముకు వస్తుంది.

మొత్తానికి నష్టపోలేదు. రాబడి బాగానే ఉంది, కాకపోతే అందులో సగం లారీ రేటు కలిసిరావడం వల్ల వచ్చిందే తప్ప నా తెలివేం లేదు. మంచి ధర వస్తే ఈ ఫ్లాట్ అమ్మేస్తాను. టీచరమ్మ అక్కడ ఉన్నంతకాలం తొందరేమీ లేదు. ఆ ఊళ్లో రెండో ఫ్లాట్ మాత్రం కొనను.