రోల్ ప్లేయింగ్ గేములకు తగిన స్టూడియో ఏది? పర్లాకిమిడి నుంచి ఒక పాత ఆటగాడి సమీక్ష

పర్లాకిమిడిలోని మా ఇంట్లో పాత కంప్యూటరుకు భాగాలు మార్చుకుంటూ చాలా ఏళ్లుగా రోల్ ప్లేయింగ్ గేములు, అంటే మనమే ఒక పాత్రగా మారి కథను నడిపే ఆటలు, ఆడుతున్నాను. బొమ్మల అందం నాకు రెండో విషయం. రాసినవాళ్లు ఊహించని పని ఆటగాడు చేస్తే ఆ ఆట దాన్ని ఎలా తట్టుకుంటుందో చూశాకే, దాన్ని తయారుచేసిన స్టూడియోను అంచనా వేస్తాను.

ఈ లెక్కన నేను ఎక్కువగా మెచ్చుకునేది అబ్సిడియన్ అనే స్టూడియోను. 2010లో వచ్చిన ఫాలౌట్: న్యూ వెగాస్‌లో దాదాపు ఏ వర్గంతోనైనా చేతులు కలపవచ్చు, ఏ నాయకుణ్ణయినా చంపవచ్చు. అందరితోనూ తెగతెంపులు చేసుకున్న ఆటగాడికి సైతం కథ ముగించే దారి మిగలాలని యెస్ మాన్ అనే రోబోను పెట్టారు. దాన్ని పడగొట్టినా మరో యంత్ర శరీరంలో నవ్వుతూ తిరిగి వస్తుంది. మొండి ఆటగాడి కోసం ఇంత ముందుచూపుతో రాసినవాళ్లు అరుదు.

బెల్జియం స్టూడియో లారియన్ ఇదే పనిని మాటలకన్నా ఆట నియమాలతో సాధిస్తుంది. 2017 నాటి డివినిటీ: ఒరిజినల్ సిన్ 2లో నీటి మడుగుపై మెరుపు మంత్రం వేస్తే శత్రువుతో పాటు అందులో నిలబడిన మనవాడికీ షాకు తగులుతుంది. బాల్డర్స్ గేట్ 3ను 2020 అక్టోబరులో మొదటి అంకంతోనే ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తికాక ముందే కొని ఆడేలా, విడుదల చేసి, ఆటగాళ్ల స్పందన చూసుకుంటూ 2023 ఆగస్టులో పూర్తి చేశారు. సొంతంగా ప్రచురించుకునే సంస్థ కనుకనే అంత నిదానం చెల్లింది. దసరాకు బరంపురం నుంచి మా పిన్ని కొడుకు వస్తే, తెరను రెండుగా పంచుకొని ఇద్దరం కలిసి ఆడతాం. ఈ ఆట 150 జీబీ ఖాళీ, అదీ వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డ్రైవులో, అడగడం మాత్రం నావంటి వారికి భారమే.

జడ్/ఏ/యూఎమ్ అనే స్టూడియో 2019లో తెచ్చిన డిస్కో ఎలీసియంలో, మన ప్రయత్నం ఫలిస్తుందో లేదో తేల్చే పాచిక ఓడినా కథ ఆగదు, చాలాసార్లు ఇంకా రక్తి కడుతుంది. అయితే దాని ముఖ్య రచయితలు తర్వాత సంస్థను వీడారు కనుక, ఆ పేరుతో వచ్చే మరో ఆటను కళ్లు మూసుకొని కొనను.

అవుల్‌క్యాట్ అనే స్టూడియో ఆటల్లోని నియమాల లోతు నాకు అలసట. లెక్కలు కట్టి పాత్రను మలచుకోవడమే సరదా అనుకునే మా తమ్ముడికి మాత్రం ఆ స్టూడియో 2021 నాటి ఆట పాత్‌ఫైండర్: రాత్ ఆఫ్ ద రైటియస్ ముందు మిగతావేవీ ఆనవు.