సింగపూర్ క్రూయిజ్: ఓడ కేబిన్‌లో నలుగురి బట్టలు, ఏజెంటు ఇచ్చిన లిస్టు

క్రూయిజ్ టికెట్ తీసుకునే ముందు కేబిన్ ఎన్ని చదరపు అడుగులో అడగండి. జవాబు చేతికొచ్చేదాకా ఒక్క జత బట్టలు కూడా కొనకండి. మాకు టికెట్లు అమ్మిన విజయవాడ బందరు రోడ్డు ట్రావెల్ ఏజెంటు ఓడలో స్విమ్మింగ్ పూల్ గురించి చెప్పాడు, థియేటర్ గురించి చెప్పాడు, ఫొటోలు ఎక్కడ బాగా వస్తాయో కూడా చెప్పాడు. కేబిన్ కొలత మాత్రం చెప్పలేదు. రెండుసార్లు అడిగితే "ఫ్యామిలీ కేబిన్ మేడమ్, నలుగురికి హాయిగా సరిపోతుంది" అన్నాడు.

ఆ ఫ్యామిలీ కేబిన్ బాత్‌రూమ్‌తో కలిపి 150 చదరపు అడుగులు. కిటికీ లేదు. కింద రెండు మంచాలు, పైన గోడలోంచి దించుకునే మరో రెండు. మంచాలు పోగా ఒక మనిషి నడిచేంత దారి మిగిలింది. పై మంచాలు ఎక్కే నిచ్చెన బీరువా తలుపుకి అడ్డం. చీర తీయాలన్నా చొక్కా తీయాలన్నా ముందు నిచ్చెన పక్కకి జరపాలి. మేం మా వారు, అత్తయ్య, ఇంటర్ చదివే అమ్మాయి, నేను. నలుగురికీ కలిపి కేబిన్‌కి పన్నులతో 2,14,000 రూపాయలు కట్టాం. విమానం ఖర్చు వేరు.

ఇక ఏజెంటు ఇచ్చిన బట్టల లిస్టు. డబ్బు కట్టిన మర్నాడే వాట్సాప్‌లో పంపాడు. ఒక రాత్రి తెల్ల బట్టలు, ఒక రాత్రి ఫార్మల్స్ తప్పనిసరి అని, బ్లేజర్ లేకపోతే డైనింగ్ హాల్లోకి రానివ్వరని, ఆడవాళ్లకి గౌన్లని రాశాడు. "పెద్దావిడకి చీరలైతే కుదరదండీ, అక్కడ డ్రెస్ కోడ్ ఉంటుంది" అని ఫోన్ చేసి మరీ చెప్పాడు. బట్టల షాపు పేరు కూడా తనే చెప్పాడు, తన పేరు చెబితే పది శాతం తగ్గిస్తారన్నాడు. మా వారి బ్లేజర్ 6,800, నా గౌను 7,200, అమ్మాయిది 5,400, అత్తయ్యకి మూడు పంజాబీ డ్రెస్సులు 9,300, నలుగురికీ చెప్పులు, బూట్లు 5,900, తెల్ల బట్టలు 4,000. మొత్తం 38,600, అదీ డిస్కౌంట్ పోగా. అత్తయ్య డెబ్బై ఏళ్ల మనిషి, పెళ్లయినప్పటి నుంచీ చీర తప్ప కట్టలేదు. ట్రయల్ రూమ్ నుంచి బయటికొచ్చి అద్దం వైపు కూడా చూడలేదు. అయినా రెండు మూడు చీరలు తన పెట్టెలో పెట్టుకుంటానని పట్టుబట్టారు. ఆ పట్టుదలే తర్వాత పనికొచ్చింది.

పినాకిని రైల్లో చెన్నై దాకా సుఖంగా వెళ్లాం. చెన్నై విమానాశ్రయంలో తొమ్మిది కిలోలు ఎక్కువ తూగింది. కిలోకి 650 చొప్పున 5,850 కట్టించుకున్నారు. బూట్లు, బ్లేజర్, ఇస్త్రీ పెట్టె, అన్నీ లిస్టులోవే. మా వారు అక్కడి నుంచి సింగపూర్‌లో దిగేదాకా నోరు విప్పలేదు.

ఓడ ఎక్కే చోట పెట్టెలు మన చేతిలో ఉండవు. ట్యాగులు కట్టి పోర్టర్లకి ఇచ్చేస్తే స్కాన్ చేసి, సాయంత్రానికి కేబిన్ తలుపు ముందు పెడతారు. ఈలోపు చేతిసంచిలో ఉన్నదే మన ఆస్తి. కాబట్టి మందులు, పాస్‌పోర్టులు, ఫోన్ చార్జర్, ఒక జత బట్టలు చేతిలోనే ఉంచుకోవాలి. ఏజెంటు "అన్నీ ఇచ్చేయండి, చేతులూపుకుంటూ ఎక్కండి" అన్నా అత్తయ్య బీపీ మాత్రలు మా వారు జేబులో వేసుకున్నారు కాబట్టి సరిపోయింది.

ఏడున్నరకి పెట్టెలు వచ్చాయి. అత్తయ్యది రాలేదు. రిసెప్షన్లో అడిగితే సెక్యూరిటీ దగ్గర ఆపారన్నారు. ఎందుకంటే ఇస్త్రీ పెట్టె! మంటలు అంటుకునే భయంతో ఓడల్లో ఇస్త్రీ పెట్టెల్ని కేబిన్లలోకి రానివ్వరు. ఆవిరితో బట్టల ముడతలు తీసే స్టీమర్లకీ అదే రూలు, సర్జ్ ప్రొటెక్టర్ (ఎక్కువ వోల్టేజీని ఆపేది) ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులకీ అంతే. రోజూ ఈ టికెట్లే అమ్మే మనిషి తన లిస్టులో 'ట్రావెల్ ఐరన్ తప్పనిసరి' అని రాశాడు. 1,150 పెట్టి కొన్నాం. కింది డెక్‌లో వరసలో నిలబడి, వాళ్ల ముందు పెట్టె తెరిచి, అది వాళ్లకి అప్పగించి, చివరి రోజు తీసుకుంటామని కాగితం మీద సంతకం పెట్టి వచ్చేసరికి తొమ్మిది దాటింది. అత్తయ్య రైల్లో కట్టుకున్న చీరతోనే మంచం మీద కూర్చుని ఉన్నారు. భోజనానికి రానన్నారు. "ఈ నలిగిన చీరతో అంతమందిలోకి నేను రానమ్మా, మీరెళ్లి తినండి" అన్నారు. ఎవరం వెళ్లలేదు. పైన బఫే మూసేలోపు అమ్మాయి నాలుగు పళ్లేలు పట్టుకొచ్చింది. డబ్బుల కంటే ఆ రాత్రే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు పరిస్థితి మారింది. కారణం ఎదురు కేబిన్లోని గుంటూరు దంపతులు. బ్రాడీపేట వాళ్లు, రిటైరైన టీచర్లు, చెరొక చిన్న పెట్టెతో వచ్చారు. మా తలుపు తెరిచి ఉండగా లోపల పెట్టెల గుట్ట చూసి ఆవిడ లోపలికొచ్చారు. గోడ మీద వేలితో కొట్టి "అమ్మాయ్, ఇది ఇనుమే. అయస్కాంతం పట్టుకుంటుంది" అన్నారు. వెళ్లి అరడజను మాగ్నెట్ హుక్కులు తెచ్చి ఇచ్చారు. గుంటూరులో ఒక్కోటి 60 రూపాయలకి కొన్నారట. చాలా ఓడల్లో కేబిన్ గోడలు, పైకప్పు ఉక్కు రేకులే. చున్నీలు, చేతిసంచులు, టోపీలు, రాత్రి బట్టలు అన్నీ గోడకెక్కాయి. నేల కనబడింది. "పిన్నిగారూ, మీరు లేకపోతే మా పని అయిపోయేది" అన్నాను, మనస్ఫూర్తిగా.

ఆవిడ చెప్పిందే ఇంకోటి: కేబిన్ చూసే అబ్బాయిని నోరు తెరిచి అడగాలి. అడిగాం. పది హ్యాంగర్లు అదనంగా తెచ్చాడు. విడివిడిగా ఉన్న కింది మంచాలు రెండూ కలిపాడు, దాంతో మధ్య దారి గోడ పక్కకి చేరి వెడల్పయింది. పగలు పై మంచాలు మడిచేసి, రాత్రి భోజనానికి వెళ్లినప్పుడు దించేవాడు. నిచ్చెన బాధ పగలంతా పోయింది. టిప్పు ఎలాగూ ఒక్కొక్కరికి రోజుకి 18 డాలర్లు బిల్లులో కలిసి వచ్చింది (ఇదీ ఏజెంటు చెప్పలేదు). ఈ అబ్బాయికి విడిగా 20 డాలర్లు ఇచ్చాం. ఇవ్వదగ్గ మనిషి.

పెట్టెల సంగతి. మంచాల కింద చోటు బాగానే ఉంటుంది, ఖాళీ పెట్టెలన్నీ అక్కడికే తోయాలి. కానీ రెండు సమాన భాగాలుగా తెరుచుకునే గట్టి పెట్టె ఇలాంటి కేబిన్లో పనికిరాదు. తెరిస్తే రెండింతల నేల ఆక్రమిస్తుంది, ఆ నేల ఉండదు. మూత మాత్రమే పైకి లేచే గుడ్డ పెట్టె నయం. మంచం కింద నుంచి సగం లాగి, కావలసింది తీసుకుని లోపలికి తోసేయొచ్చు. చిన్న పెట్టెని పెద్దదాంట్లో పెట్టేస్తే ఇంకా మంచిది.

మాకు ఒక్కొక్కరికి ఒక అర, మూడేసి హ్యాంగర్లు అని పంచుకున్నాం. విడిచిన బట్టలకి తలుపు వెనక ఒక గుడ్డ సంచి తగిలించాం. బూట్లకి అరలున్న వేలాడే సంచీ బీసెంట్ రోడ్డులో 250కి దొరుకుతుంది. అది లిస్టులో ఉండి ఉంటే ఏజెంటుకి దండం పెట్టేదాన్ని. బాత్‌రూమ్ తలుపుకి తగిలిస్తే సబ్బులు, దువ్వెనలు, నూనె సీసా, లోపలి బట్టలు అన్నీ అందులోకే పోతాయి. సాయంత్రం నలుగురూ ఒకేసారి తయారవ్వాలని చూడకండి. ముందు ఇద్దరు తయారై డెక్ మీదికి వెళ్లిపోవాలి, తర్వాత మిగతా ఇద్దరు. ఒక రోజు అందరం ఒక్కసారే తయారవబోతే మా వారికీ అమ్మాయికీ పెద్ద గొడవే అయింది.

ఇప్పుడు చీరల గురించి. మన ఆడవాళ్లకి ఈ సంగతి చెప్పేవాళ్లు లేరు. ఓడలో ఇస్త్రీకి ఇస్తే చొక్కాకి 4 డాలర్లు. చీర అనేది వాళ్ల ధరల పట్టికలోనే లేదు. అడిగితే గౌను కింద లెక్కగట్టి 12 డాలర్లన్నారు. మేం ఎక్కిన ఓడలో మనమే ఉతుక్కునే మెషీన్లు లేవు. కాబట్టి క్రేప్, జార్జెట్ చీరలు తీసుకెళ్లండి. చుట్టి పెట్టినా పెద్దగా నలగవు. నలిగినా హ్యాంగర్‌కి వేసి బాత్‌రూమ్‌లో తగిలించి, వేడినీళ్ల స్నానం అయ్యాక పావుగంట తలుపు మూసి ఉంచితే ఆవిరికి ముడతలు సర్దుకుంటాయి. మంగళగిరి నూలు చీరకి ఈ ఉపాయం పనిచేయదు. కట్టాలనుంటే గంజి పెట్టించకుండా, పెట్టె పైన వెడల్పుగా మడిచి పెట్టుకోండి. కంచిపట్టు బరువుకి నేను ఒప్పుకోను.

అసలు బాధ లంగాలతో. నూలు లంగా ఉతికితే రెండు రాత్రులైనా నడుము పట్టీ ఆరలేదు. కిటికీ లేని గదిలో ఏసీ గాలి తప్ప ఆధారం లేదు. షవర్ దగ్గర లాగి కట్టుకునే సన్నటి తీగ ఒకటి ఉంటుంది, దాని మీద నాలుగు చిన్న బట్టల కంటే పట్టవు. శాటిన్ లంగాలు రెండు, అన్ని చీరలకీ నప్పే రంగులవి, చాలు. తువ్వాళ్లు అసలు మోయకండి. గదిలో ఇస్తారు, పూల్ దగ్గర కార్డు మీద ఇస్తారు, తిరిగివ్వకపోతేనే డబ్బు పడుతుంది. వాటికి బదులు శాలువా పెట్టుకోండి. విజయవాడ ఎండలకి అలవాటైన ఒంటికి ఆ థియేటర్ చలి తట్టుకోవడం కష్టం. అత్తయ్య భుజం నొప్పి అక్కడే మొదలైంది.

ఓడ ఆగిన ఊళ్లలో మలేషియాలోని పెనాంగ్ చాలా బాగుంది. ఓడ దిగి నడుచుకుంటూ లిటిల్ ఇండియాకి వెళ్లి అరిటాకులో అన్నం తిన్నాం. కెక్ లోక్ సి గుడికి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకుని వెళ్లండి. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో ఓడ దూరంగా ఆగింది, చిన్న పడవల్లో పటాంగ్ బీచ్‌కి తీసుకెళ్లారు. సముద్రంలో తడిసిన బట్టలు, ఇసుక తిరిగి కేబిన్‌కి వస్తే నరకం. జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లు నాలుగు తప్పకుండా ఉండాలి. ఇసుకని బీచ్ కుళాయి దగ్గరే వదిలించుకోండి.

ఫార్మల్ నైట్ రానే వచ్చింది. డైనింగ్ హాలు గుమ్మం దగ్గర నిలబడి చూశాను. చొక్కా, ప్యాంటు వేసుకున్న వాళ్లందరినీ నవ్వుతూ లోపలికి పంపుతున్నారు. మొగవాళ్లలో సగం మందికి బ్లేజర్ లేదు. గుంటూరు మాస్టారు తెల్ల చొక్కాతో వచ్చారు, పిన్నిగారు వెంకటగిరి చీరలో. అది చూసి అత్తయ్య వెనక్కి తిరిగి కేబిన్‌కి వెళ్లి, పంజాబీ డ్రెస్సు విప్పేసి, తన ఆకుపచ్చ క్రేప్ చీర కట్టుకుని వచ్చారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి ఆవిడ రెండోసారి అడిగి మరీ ఐస్‌క్రీమ్ తిన్నారు. తెల్ల బట్టల రాత్రి కూడా అంతే, ఇష్టమైన వాళ్లు వేసుకున్నారు, లేనివాళ్లు లేదు.

చివరి రాత్రి పదకొండు లోపు రంగు ట్యాగులు కట్టిన పెట్టెలు తలుపు బయట పెట్టేయాలి. మర్నాటి బట్టలు, చెప్పులు, మందులు పక్కన తీసి పెట్టాకే పెట్టెకి తాళం వేయండి. రాత్రి బట్టలు పట్టేంత చోటు చేతిసంచిలో ఉండాలి. తమ పెట్టెలు తామే మోసుకెళ్లగలిగిన వాళ్లని ముందు దింపుతారు. గుంటూరు వాళ్లు ఏడున్నరకే దిగిపోయారు. ఏడు పెట్టెలతో మేం, మా రంగు పిలిచేదాకా గంటన్నర కూర్చున్నాం.

మళ్లీ వెళితే మా వారికి రెండు ప్యాంట్లు, నాలుగు కాలర్ చొక్కాలు, ఒక నిక్కరు. నాకు మూడు చీరలు, మూడు కుర్తీలు. తలా ఒక జత నడిచే చెప్పులు, ఒక జత మంచివి. మాగ్నెట్ హుక్కులు పన్నెండు. నలుగురికి ఒక్క కేబిన్ మాత్రం ఈసారి తీసుకోను, ఇద్దరికొకటి చొప్పున రెండు తీసుకుంటాను. బట్టలకి పోసిన డబ్బు అందులో పెట్టినా బాగుండేది.

వచ్చాక ఏజెంటు దగ్గరికి వెళ్లాం. సింగపూర్‌లో దిగే ముందు నింపాల్సిన అరైవల్ కార్డు అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా నింపుకోవచ్చు, దానికి మనిషికి 500 చొప్పున తీసుకున్నాడు. ఆ 2,000, ఇస్త్రీ పెట్టె డబ్బులు 1,150 గొడవ పడితే తిరిగిచ్చాడు. లిస్టులో 'తప్పనిసరి' అన్న మాట తీసేయమని మా వారు అక్కడే కూర్చుని పట్టుబట్టారు. తన ముందే తీయించి, కొత్త లిస్టు మా ఫోన్లకి పంపించుకున్నాకే లేచారు. అత్తయ్య డ్రెస్సుల్లో రెండు ట్యాగులు కూడా తీయలేదు. డబ్బు తిరిగివ్వడం కుదరదు, మార్చుకోవచ్చు అన్నారు షాపులో. ఆదివారం ఆవిడే వెళ్లి వాటికి బదులు చీరలు తెచ్చుకుంటానన్నారు.